సూది వేసుకోనివాళ్లు ఏమయ్యారు?

అందరికీ నమస్కారం.

డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడిన మన ఇళ్లలో ఇప్పుడు క్రికెట్ బ్యాటు పక్కనే బేస్‌బాల్ బ్యాటు కూడా కనిపిస్తోంది. పిల్లలు బడి జట్టులో ఆడుతున్నారు, తల్లిదండ్రులు వారాంతాల్లో మైదానం చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చుంటున్నారు. అందుకే బేస్‌బాల్‌లో ఉత్ప్రేరకాల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడగగానే ఒప్పుకున్నాను. నేను వృత్తిరీత్యా ఫార్మసిస్టును. ఈ మందులు ఒంట్లో ఏం చేస్తాయో చెప్పగలను. కానీ అంతకన్నా ముఖ్యంగా, ఈ కథలో ఎవరూ పెద్దగా పట్టించుకోని కొందరి గురించి చెప్పాలని వచ్చాను.

మనకు దగ్గరలోనే ఉన్న ఆర్లింగ్టన్ నుంచి మొదలుపెడతాను. టెక్సాస్ రేంజర్స్ జట్టులో రిక్ హెల్లింగ్ అనే పిచర్, అంటే బంతి విసిరేవాడు, ఉండేవాడు. 1998లో ఇరవై మ్యాచ్‌లు గెలిపించాడు. ఆ ఏడాది చలికాలంలో ఆటగాళ్ల సంఘం కార్యవర్గం సమావేశమైంది. హెల్లింగ్ లేచి, కండలు పెంచే స్టెరాయిడ్ల వాడకం రోజురోజుకూ పెరిగిపోతోందని, వాడకపోతే వెనకబడిపోతామన్న భయంతో ఇష్టం లేనివాళ్లు కూడా వాడుతున్నారని చెప్పాడు. సంఘం ఏమీ చేయలేదు. తర్వాతి సమావేశాల్లోనూ అదే మాట చెప్పాడు. అప్పుడూ అంతే. సొంత సహచరుల మధ్య ఆ మాట అనడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. హెల్లింగ్ పేరు ఈ గదిలో ఎంతమందికి తెలుసు? కానీ అదే ఏడాది హీరోలైన ఇద్దరి పేర్లు బేస్‌బాల్ చూడనివాళ్లకు కూడా తెలుసు.

ఆ ఇద్దరూ సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఆటగాడు మార్క్ మెగ్వైర్, చికాగో కబ్స్ ఆటగాడు శామీ సోసా. వాళ్లెందుకు అంత అవసరమయ్యారో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1994 ఆగస్టు 12న ఆటగాళ్లు సమ్మెకు దిగారు. సీజను చివర విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ ఆ ఏడాది రద్దయింది. రెండు ప్రపంచ యుద్ధాలప్పుడు కూడా ఆగని పోటీ అది. కోటీశ్వరులైన యజమానులు, లక్షాధికారులైన ఆటగాళ్లు డబ్బు కోసం కొట్లాడుకుంటుంటే జనానికి విసుగొచ్చింది. మళ్లీ ఆట మొదలయ్యాక స్టేడియాలకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. సరిగ్గా అప్పుడు ఈ ఇద్దరూ పోటీపడి హోమ్ రన్లు, అంటే మన సిక్సర్ల లాంటివి, బాదడం మొదలుపెట్టారు. ఒక సీజన్లో 61 హోమ్ రన్లు అన్నది 1961లో రోజర్ మారిస్ నెలకొల్పిన రికార్డు. అంతకుముందు 1927లో బేబ్ రూత్ 60 కొట్టాడు. 1998 సెప్టెంబరు 8న మెగ్వైర్ 62వది కొట్టి, అప్పటికే చనిపోయిన మారిస్ కొడుకుల దగ్గరికి పరుగెత్తి వాళ్లను కౌగిలించుకున్నాడు. దేశం కళ్లనీళ్లు పెట్టుకుంది. చివరికి మెగ్వైర్ 70 దగ్గర, సోసా 66 దగ్గర ఆగారు.

ఆ సంబరానికి కొద్ది వారాల ముందు జరిగిన సంగతి ఇది. అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి స్టీవ్ విల్‌స్టీన్, మెగ్వైర్ లాకర్ ముందు మిగతా విలేకరులతో పాటు నిలబడి ఉండగా, లాకర్ అరలో ఒక సీసా కనబడింది. దాచిపెట్టిందేమీ కాదు, అందరికీ కనిపించేలాగే ఉంది. దాని మీద ఆండ్రోస్టెనిడయోన్ అని రాసి ఉంది. ఒంట్లోకి వెళ్లాక టెస్టోస్టిరాన్‌గా మారే పదార్థం అది. ఒలింపిక్స్‌లో నిషేధం, అమెరికన్ ఫుట్‌బాల్‌లో నిషేధం. బేస్‌బాల్‌లో మాత్రం నిషేధం లేదు. దుకాణంలో విటమిన్ మాత్రల పక్కనే అమ్మేవారు. 1994లో వచ్చిన ఒక చట్టం ప్రకారం ఇలాంటి అనుబంధాహారాలను అమ్మకానికి పెట్టే ముందు ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. నా వృత్తిలో ఉన్నవాళ్లకు ఆ చట్టం ఇప్పటికీ కంట్లో నలుసే. విల్‌స్టీన్ వార్త రాశాడు. కోపం ఎవరి మీదికి మళ్లిందనుకున్నారు? వార్త రాసినవాడి మీదికి. ఒకరి లాకర్లోకి తొంగిచూశాడని ఆయన్ని తిట్టిపోశారు. దేశమంతటా ఆ సీసాల అమ్మకాలు పెరిగాయి. దాన్ని కొన్నవాళ్లలో హైస్కూల్ పిల్లలు కూడా ఉన్నారు.

ఇక్కడ ఫార్మసిస్టుగా రెండు మాటలు చెప్పాలి. "స్టెరాయిడ్ వేసుకుంటే బంతి కనబడుతుందా? చూపు, సమయస్ఫూర్తి పుట్టుకతో రావాలి కదా?" అని చాలామంది వాదిస్తారు. నిజమే, స్టెరాయిడ్ ఎవరినీ బ్యాటర్‌గా మార్చలేదు. కానీ అప్పటికే గొప్ప బ్యాటర్ అయినవాడికి అది ఇచ్చేది తక్కువేమీ కాదు. గంటకు 95 మైళ్ల వేగంతో వచ్చే బంతి బ్యాటర్‌ను చేరడానికి పట్టే సమయం 0.4 సెకండ్లు. బ్యాటు కాస్త వేగంగా తిప్పగలిగితే, బంతిని ఇంకొక్క క్షణం ఎక్కువ చూసి నిర్ణయం తీసుకోవచ్చు. టఫ్ట్స్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త రోజర్ టోబిన్ లెక్కకట్టి చూపించాడు. దెబ్బతిన్న బంతి వేగం కొద్ది శాతం పెరిగితే చాలు, హోమ్ రన్ల సంఖ్య సగానికి పైగా పెరుగుతుంది. గోడ దగ్గర క్యాచ్‌గా చిక్కాల్సిన బంతులు గోడ దాటిపోతాయి. 1998కి ముందు ఒక సీజన్లో 60 హోమ్ రన్లు చేరినవాళ్లు రూత్, మారిస్ ఇద్దరే. ఆ తర్వాత 1998 నుంచి 2001 లోపు అది ఆరుసార్లు జరిగింది. ఆరుసార్లూ ముగ్గురు మనుషులే చేశారు.

రెండోది, కోలుకోవడం. ఈ ఆటలో ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు ఉంటాయి. ఒంటినొప్పులతో ఆగస్టు వచ్చేసరికి కుంగిపోయే శరీరం, ఈ మందులతో మర్నాటికల్లా వ్యాయామానికి సిద్ధమైపోతుంది. శాన్ డియేగో పాడ్రెస్ ఆటగాడు కెన్ కమినిటీ కథ అదే. 1996లో భుజం కండరం చిరిగింది. సరిహద్దు దాటి మెక్సికోలోని టిహువానాలో ఒక మందుల దుకాణంలో స్టెరాయిడ్లు కొనుక్కున్నాడు. ఆ ఏడాదే, రెండు పెద్ద లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2002లో తానే ఒక పత్రికకు ఈ సంగతంతా చెప్పేశాడు. పేరున్న ఆటగాళ్లలో ఆ మాట బహిరంగంగా ఒప్పుకున్న మొదటివాడు ఆయన. 2004 అక్టోబరులో, 41 ఏళ్లకే, కొకైన్, ఓపియేట్లు మోతాదు మించి చనిపోయాడు. గుండె పెద్దదై ఉందని శవపరీక్షలో తేలింది. ఆ చావుకు స్టెరాయిడ్లే కారణమని ఎవరూ తేల్చలేదు, నేనూ అనను.

మరి స్టెరాయిడ్ల మీద నిషేధం లేదా అని అడుగుతారు. ఉంది! 1991లోనే బేస్‌బాల్ అధిపతి, కమిషనర్ ఫే విన్సెంట్ జట్లన్నిటికీ లేఖ పంపాడు. చట్టవిరుద్ధమైన మందులన్నీ, స్టెరాయిడ్లతో సహా, నిషిద్ధమన్నాడు. పరీక్ష మాత్రం లేదు. పరీక్ష పెట్టాలంటే ఆటగాళ్ల సంఘం ఒప్పుకోవాలి. సంఘం మూత్ర పరీక్షలు వ్యక్తిగత గోప్యతకు భంగమంది. వాళ్ల అపనమ్మకానికి కారణం లేకపోలేదు. అంతకుముందు 1980లలో యజమానులంతా కూడబలుక్కుని ఆటగాళ్ల జీతాలు పెరగకుండా తొక్కిపెట్టారు. అది బయటపడి 28 కోట్ల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. అలాంటి యజమానుల చేతికి తమ మూత్రం సీసాలు ఇవ్వడానికి ఎవరు ఇష్టపడతారు? ఇక యజమానులకు స్టేడియాలు నిండుతున్నాయి. వాళ్లూ ఒత్తిడి చేయలేదు. ఇలా ఇద్దరూ ఊరుకున్న పుష్కరకాలంలో అసలు బరువంతా పడింది మూడోవాడి మీద. తప్పు చేయనివాడి మీద.

వాడెవడో చూపిస్తాను. 1994లో ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్‌లో మిన్నెసోటా ట్విన్స్‌కు ఒక మైనర్ లీగ్ జట్టు ఉండేది. అందులో డాన్ నాల్టీ అని ఆరున్నర అడుగుల పిచర్. సన్నగా ఉండేవాడు, బంతి వేగం ఓ మోస్తరు. అదే జట్టులో దాదాపు అదే వయసు, అదే వేగం ఉన్న పిచర్లు ఇంకో ముగ్గురు. అందరిదీ ఒకటే కల. మైనర్ లీగ్ అంటే మీకు తెలుసు కదా, రాత్రంతా బస్సు ప్రయాణాలు, చాలీచాలని జీతం. ఎప్పటికైనా పై స్థాయి అయిన మేజర్ లీగ్ నుంచి ఫోను వస్తుందన్న ఆశ ఒక్కటే వాళ్లను నడిపిస్తుంది. నాల్టీ స్టెరాయిడ్లు మొదలుపెట్టాడు. కండలు పెరిగాయి, బరువు పెరిగింది, బంతి వేగం గంటకు 90 మైళ్లు దాటి ఎక్కడికో పోయింది. 1996లో ట్విన్స్‌కు, 1999లో న్యూయార్క్ యాంకీస్‌కు ఆడాడు, వరల్డ్ సిరీస్ ఉంగరం తొడుక్కున్నాడు. మిగతా ముగ్గురూ సూది ముట్టుకోలేదు. ముగ్గురిలో ఒక్కరు కూడా మేజర్ లీగ్ మైదానంలో ఒక్క బంతి వేయలేదు. వేరే ఉద్యోగాలు వెతుక్కున్నారు. నాల్టీ తర్వాత పాస్టర్ అయ్యాడు. దర్యాప్తు చేస్తున్నవాళ్లు అడిగినప్పుడు దాపరికం లేకుండా మొత్తం చెప్పాడు. ఇతరుల ఉద్యోగాలు తాను దొంగిలించానని ఒప్పుకున్నాడు. అలా ఒప్పుకున్నందుకు ఆయన మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ ముగ్గురికీ ఏ కమిటీ ఏమిచ్చి ఆ ఏళ్లు తిరిగి తేగలదు? "అందరూ వాడారు, కాబట్టి అందరూ సమానమే" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండిపోయేది ఇందుకే. అందరూ వాడలేదు. వాడనివాళ్లలో చాలామందిని మనం టీవీలో చూడనే లేదు, అంతే.

2003కి గాని పరీక్షలు రాలేదు. అవి కూడా పేర్లు లేకుండా, శిక్షలు లేకుండా, సమస్య ఎంతుందో చూద్దామని పెట్టినవి. ఐదు శాతం మించి దొరికితేనే ఆ తర్వాతి ఏడాది నుంచి నిజమైన పరీక్షలు పెట్టాలన్నది ఒప్పందం. పరీక్షలుంటాయని ముందే తెలిసి కూడా ఐదు శాతం పైనే దొరికారు. అదే ఏడాది సెప్టెంబరులో కాలిఫోర్నియాలో బాల్కో అనే ప్రయోగశాల మీద అధికారులు దాడి చేశారు. అక్కడి నుంచి ఆటగాళ్లకు అందే టీహెచ్‌జీ అనే స్టెరాయిడ్ ఏ పరీక్షకూ చిక్కేది కాదు. ఒక పరుగు పందేల కోచ్ ఆ మందు అంటుకున్న సిరంజిని పేరు చెప్పకుండా అధికారులకు పంపితే, లాస్ ఏంజెలెస్‌లోని డాన్ కాట్లిన్ ప్రయోగశాల దాని గుట్టు విప్పింది. 2001లో 73 హోమ్ రన్లు కొట్టిన బ్యారీ బాండ్స్ పేరు ఆ కేసులోకి వచ్చింది. తనకిచ్చింది అవిసె నూనె అనుకున్నానని ఆయన, కేసు పెట్టాలా వద్దా అని తేల్చే గ్రాండ్ జ్యూరీకి చెప్పాడు. న్యాయానికి అడ్డుపడ్డాడన్న అభియోగం మీద 2011లో దోషి అని తేల్చారు, 2015లో పైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. బాండ్స్ 2007లో హ్యాంక్ ఆరన్ 755 హోమ్ రన్ల రికార్డు దాటి 762 దగ్గర ఆగాడు. ఆ ఆరన్ 1974లో బేబ్ రూత్‌ను దాటబోతున్నప్పుడు, నల్లవాడు మా రికార్డు తాకడమేమిటని చంపేస్తామంటూ ఉత్తరాలు వచ్చాయి. అంత భరించి సాధించిన రికార్డు అలా చేజారింది.

2005 మార్చి 17న వాషింగ్టన్‌లో కాంగ్రెస్ కమిటీ విచారణ జరిగింది. అందరికీ గుర్తున్న దృశ్యం రఫాయెల్ పల్మేరోది. మన రేంజర్స్‌కు ఏళ్ల తరబడి ఆడినవాడే. వేలు చూపిస్తూ, తానెన్నడూ స్టెరాయిడ్లు వాడలేదని చెప్పాడు. నాలుగున్నర నెలలు తిరక్కుండానే, ఆగస్టు 1న, పరీక్షలో దొరికి పది రోజులు సస్పెండ్ అయ్యాడు. మెగ్వైర్ గతం గురించి మాట్లాడటానికి రాలేదంటూ తప్పించుకున్నాడు. 2010లో గాని ఒప్పుకోలేదు.

కానీ ఆ రోజు ఆటగాళ్ల కన్నా ముందు కొందరు తల్లిదండ్రులు మాట్లాడారు. వాళ్లలో ఒక తండ్రి ఇక్కడివాడు, ప్లేనోవాడు. ఆయన కొడుకు పదిహేడేళ్ల హైస్కూల్ పిచర్. పెద్ద జట్టులో చోటు కావాలంటే ఒళ్లు పెంచాలని కోచ్ అన్నాడట. ఎలా పెంచాలో చెప్పలేదు. పిల్లవాడు తనకు తెలిసిన దారి వెతుక్కున్నాడు. కొన్ని నెలల్లో బరువు పెరిగాడు, వీపు మీద మొటిమలు వచ్చాయి, చీటికీమాటికీ కోపం మొదలైంది. తర్వాత మానేశాడు. ఈ మందులు ఉన్నట్టుండి మానేస్తే ఏమవుతుందో ఇక్కడ చెప్పాలి. ట్యాంకరు నీళ్లు రోజూ వస్తుంటే ఇంట్లో బావి పట్టించుకోక పూడిపోతుంది చూశారూ, అలాగే బయటినుంచి హార్మోన్ వస్తుంటే ఒంట్లో దాని తయారీ ఆగిపోతుంది. సూది మానేసిన రోజున బయటిదీ లేదు, లోపలిదీ లేదు. అది తిరిగి మొదలవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో తీవ్రమైన కుంగుబాటు రావచ్చు. 2003 జులైలో ఆ పిల్లవాడు తన గదిలో ప్రాణం తీసుకున్నాడు. మీరు కొడుకులను దిగబెట్టి వచ్చే మైదానాలకు ఆ ఇల్లు ఎంతో దూరం కాదు.

ఆ తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి. 2007 డిసెంబరులో మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ 409 పేజీల నివేదికలో 80 మందికి పైగా ఆటగాళ్ల పేర్లు బయటపెట్టాడు. ఇప్పుడు మొదటిసారి దొరికితే 80 మ్యాచ్‌లు, రెండోసారి 162, మూడోసారి జీవితకాల నిషేధం. జీతం రాదు. గ్రోత్ హార్మోన్ కోసం రక్త పరీక్షలు కూడా చేస్తున్నారు. అయినా దొరికినవాళ్లు ఏం చేస్తారో చెప్పే ఒక సంఘటన నన్ను వదలదు. 2011 అక్టోబరు 1, శనివారం సాయంత్రం, మిల్వాకీ. ర్యాన్ బ్రాన్ అనే పెద్ద ఆటగాడి నమూనా తీసుకున్న ఉద్యోగి, ఆ వేళకు కొరియర్ వెళ్లదనుకుని, సీలు వేసిన సీసాలను ఇంటికి తీసుకెళ్లి సోమవారం పంపించాడు. మాంట్రియల్ ప్రయోగశాలకు చేరేసరికి సీళ్లు చెక్కుచెదరలేదు. ఫలితం మాత్రం దోషి అని వచ్చింది. బ్రాన్ అప్పీలు చేశాడు. పంపే పద్ధతి సరిగా పాటించలేదని మధ్యవర్తి శ్యామ్ దాస్ శిక్ష రద్దు చేశాడు. నిబంధన ప్రకారం అది సరైన తీర్పే కావచ్చు. కానీ బ్రాన్ అంతటితో ఊరుకోలేదు. విలేకరుల ముందు నిలబడి, ఆ నమూనా సేకరించినవాడి మీదే అనుమానం వచ్చేలా మాట్లాడాడు. ఏడాదిన్నర తర్వాత ఆటగాళ్లకు ఈ మందులు అందించిన ఫ్లోరిడాలోని బయోజెనిసిస్ క్లినిక్ రికార్డుల్లో పేరు దొరికి, 65 మ్యాచ్‌ల సస్పెన్షన్ ఒప్పుకుని, క్షమాపణ చెప్పాడు. తన పని తాను చేసుకున్న ఒక మామూలు ఉద్యోగి ఆ ఏడాదిన్నర ఎలా బతికి ఉంటాడు?

డొమినికన్ రిపబ్లిక్ సంగతి కూడా ఒక్క మాట. అక్కడ పదహారేళ్లకే జట్లతో ఒప్పందం కుదురుతుంది. అది కుదిర్చే దళారీకి బోనసులో వాటా. పేద ఇంట్లో ఆ డబ్బు తరతరాల బతుకు మారుస్తుంది. అలాంటి చోట పిల్లవాడి చేతికి సూది ఇచ్చేది పెద్దవాళ్లే. సస్పెన్షన్ జాబితాలో కనిపించేది మాత్రం పిల్లవాడి పేరు.

ఇక కూపర్స్‌టౌన్ హాల్ ఆఫ్ ఫేమ్, బేస్‌బాల్ గొప్పవాళ్లను శాశ్వతంగా గౌరవించే చోటు. విలేకరుల ఓట్లలో 75 శాతం రావాలి. 2022లో చివరి అవకాశంలో బాండ్స్‌కు 66 శాతం వచ్చింది, మిచెల్ నివేదికలో పేరున్న మరో దిగ్గజం రోజర్ క్లెమెన్స్‌కు 65 శాతం. ఇద్దరూ బయటే ఉన్నారు. అందులో నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ కాలమంతా కమిషనర్ పీఠం మీద కూర్చున్న బడ్ సెలిగ్ 2017లో హాల్లో చేరాడు. మైదానం నిండి డబ్బు వచ్చినంతకాలం చూస్తూ ఉన్నవారికి లోపల చోటు, ఆడినవారికి బయట గేటు. ఇది నాకు మింగుడు పడదు. శిక్ష ఆటగాళ్లకే ఎందుకు ఆగిపోవాలి? హెల్లింగ్ చెప్పినప్పుడు ఆ గదిలో కూర్చుని విననివాళ్ల సంగతి ఏమిటి?

మన దగ్గరికి వద్దాం. టెక్సాస్ ప్రభుత్వం 2007లో చట్టం చేసి హైస్కూల్ క్రీడాకారులకు స్టెరాయిడ్ పరీక్షలు పెట్టింది. దొరికినవాళ్లు చాలా తక్కువ, ఖర్చు ఎక్కువ అని 2015లో ఆపేసింది. అంటే ఇప్పుడు మీ పిల్లలకూ ఆ సూదికీ మధ్య మీరు, కోచ్, డాక్టరు తప్ప ఎవరూ లేరు. ఇంట్లో పౌడరు డబ్బాలు ఉంటే లేబుల్ చదవండి. క్రీడాకారుల కోసం స్వతంత్ర సంస్థ పరీక్షించి ఇచ్చిన ముద్ర లేని డబ్బా ఏదైనా సరే నాకు నమ్మకం లేదు. ఇంటర్నెట్‌లో "పరిశోధనకు మాత్రమే" అని రాసి అమ్మే సీసాలు మా ఇంటి గడప తొక్కనివ్వను. కొద్ది నెలల్లో ఒళ్లు విపరీతంగా పెరగడం, వీపు నిండా మొటిమలు, కారణం లేని కోపం కనబడితే డాక్టరుకు చూపించండి. మానిపించాలన్నా డాక్టరు పర్యవేక్షణలోనే మానిపించండి. తిట్టి, సీసా చెత్తబుట్టలో పారేసి ఊరుకోవద్దు.

ఇంకొక పని ఉంది. వచ్చే సీజన్ మొదలయ్యే ముందు బడిలో తల్లిదండ్రుల సమావేశం పెడతారు. మన వాళ్లు సాధారణంగా అక్కడ నోరు విప్పరు, ప్రయాణాల తేదీలు రాసుకుని వచ్చేస్తారు. ఈసారి కోచ్‌ను అడగండి. మా అబ్బాయి బరువు పెరగాలని మీరు అన్నారంటే, ఎన్ని నెలల్లో, ఏం తిని, ఎవరి పర్యవేక్షణలో పెరగాలో కూడా కాగితం మీద రాసిస్తారా అని అడగండి. మర్యాదగానే అడగండి, కానీ జవాబు వచ్చేదాకా కూర్చోవద్దు.

మందుల గురించి ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి. అందరి ముందు అడగలేనివి ఉంటే, భోజనాల దగ్గర నన్ను కలవండి.